అమ్మ చేతులు తుడుచుకున్న గోడ

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండమ్మా, గొంతు పెంచి చెప్పే ఓపిక ఇప్పుడు లేదు. మొన్న మా మనవరాలు బెజవాడలో ఏదో క్లాసుకు వెళ్లి, చేతులనిండా రంగులు పూసుకుని వచ్చి, మనసులో బరువు దిగడానికి అక్కడ పిచ్చిగీతలు గీయిస్తారని చెప్పింది. నాకు నవ్వు రాలేదు, మా అమ్మ గుర్తొచ్చింది.

అరవైల మొదట్లో మా నాన్న ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడితోటకు కాపలా ఉండేవాడు. తోటలోనే మా తాటాకు పాక, దానికి ఎర్రమట్టి గోడలు. అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తే, కాయ కోతకు వచ్చినవాళ్లు తొక్కడానికి మనసొప్పక చుట్టూ తిరిగి వెళ్లేవారు. ఆ ఏడు కోతల్లోనే, మూడేళ్ల మా తమ్ముడు తట్టు పోసి పోయాడు. అమ్మ ఏడవలేదు, మాట్లాడలేదు, ముద్ద పెడితే మింగకుండా నోట్లోనే ఉంచుకునేది. ఈ మనిషి కూడా మనకు దక్కదేమోనని నాన్న తోట చివరికి వెళ్లి ఏడ్చి వచ్చేవాడు.

చావు జరిగిన ఇంట ఏడాది తిరిగేదాకా ముగ్గు పెట్టకూడదని నాయనమ్మ కట్టడి చేసింది. ఎనిమిదేళ్ల నాకు అదేం తెలుసు? ముగ్గు లేకే అమ్మ ఇలా అయిపోయిందనుకుని, ఒకరోజు పొద్దున్నే ముగ్గుచిప్ప తీసి వంకరటింకరగా ఒకటి వేసేశాను. పక్క పాకావిడ అది అమ్మ పనే అనుకుంది.

“ఏమ్మా, అప్పుడే దుఃఖం తీరిపోయిందేంటి, ముగ్గులేసుకుంటున్నావ్?”

నేనే వేశానని చెప్పాల్సింది పోయి, ముగ్గుచిప్పను వీపు వెనక దాచుకున్నాను. అమ్మ చెంబెడు నీళ్లు పోసి, ఆ ముగ్గును రెండు చేతులతో తుడిచేసి, పాక వెనక్కి వెళ్లి బురద చేతుల్ని గోడకేసి రుద్దింది. తెల్లగా, ఎర్రగా చారలు పడ్డాయి. వాటిని కాసేపు చూసి మళ్లీ రుద్దింది. ఆ తర్వాత, గోడలు అలకడానికి నానబెట్టిన ఎర్రమట్టిలో మోచేతుల దాకా ముంచి, పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి, పూసింది, గీకింది, అరచేతులతో కొట్టింది. చుక్కలు లేవు, పువ్వు లేదు, నెమలి లేదు. ఆ చేతుల నుంచి అంత వికారమైన గీత రాగలదని ఎవరూ అనుకోరు. గీస్తూ గీస్తూనే, తమ్ముడు పోయాక మొదటిసారి, బావురుమంది.

నాయనమ్మ వచ్చింది. ఇంకేముంది, కొట్టేస్తుందని నేను తడిక వెనక దాక్కున్నాను. ఆవిడ గోడ వంక చూసింది, కోడలి వంక చూసింది. ఇంతలో పక్కావిడ తొంగిచూడబోతే, ఎదురెళ్లి అడ్డంగా నిలబడింది.

“గోడ అలుకుతోందిలే! నీ గోడలన్నీ అలికేసుకున్నావేంటి, మా గోడల మీద పడ్డావ్?”

పొద్దు వాలేవేళకు అమ్మ ఆ చేతులతోనే లోపలికి వచ్చి, “ఆకలేస్తోందత్తా” అంది. నాయనమ్మ ముద్దలు కలిపి తినిపించింది.

వానకు చెరిగిపోయినప్పుడల్లా అమ్మ ఆ గోడకు మళ్లీ పూసేది. దుఃఖం పోయిందని చెప్పను, పోలేదు. మనిషి మాత్రం మాకు మిగిలింది.

ఇప్పుడు మావి నున్నటి రంగు గోడలు. మరక పడుతుందని పిల్లల్ని నేనే కసురుతున్నాను, అలసిపోయి చేరగిలబడితే వీపు వెనక తువ్వాలు వేసుకుంటున్నాను. మీ ఇల్లు చల్లగా ఉండాలమ్మా. దుఃఖం మీ గడప తొక్కకూడదు. తొక్కితే మాత్రం, చేతులు తుడుచుకోవడానికి ఒక గోడ, లోకానికి అడ్డంగా నిలబడే ఒక అత్తగారు మీ ఇంట ఉండాలి.