సూసుడే, ముట్టుడు లేదు

మా పక్కింటి టెలిఫోన్ సారు పోయారు. పోయిన నెల ఒక పొద్దున, మిర్యాలగూడలో కొడుకు ఇంట్లో, చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి అట్లాగే ఒరిగిపోయారని ఫోన్ వచ్చింది. అంతకు వారం ముందే నా బిడ్డకు కోదాడ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే కొలువు దొరికింది. ఆ సంతోషంతో నా కాళ్లు ఇప్పటికీ భూమ్మీద ఆనడం లేదు. ఆ కొలువు వెనుక ఆయన చెయ్యి ఎంత ఉందో నలుగురికీ చెప్పాలని, ఏడో తరగతి దాకా చదివిన నేను కలం పట్టాను.

మాది తుంగతుర్తి దిక్కు. గొర్లు కాసిన ఇల్లు. బిడ్డ చదువు కోసం సూర్యాపేటకు వచ్చి, సారు ఇంటి పక్కన రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఆయన టెలిఫోన్ ఆఫీసులో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఏ వైరు కనబడినా దాని కొసకు చిన్న అట్టముక్క కట్టి, అది ఎక్కడికి పోతుందో రాసిపెట్టేవారు. "పేరు లేని వైరు పగోడసుంటిది అన్నా" అనేవారు. ఇంట్లో మిక్సీ వైరుకు కూడా అట్టముక్క ఉండేది!

బిడ్డ కోదాడలో ఇంజనీరింగ్ చేరినప్పుడు పొట్టేళ్లు అమ్మి కంప్యూటర్ కొన్నాను. సారు ఇంట్లో అప్పటికే అల్మారా మీద తెర లేని పాత కంప్యూటర్ ఒకటి ఎప్పుడూ నడుస్తూ ఉండేది. దాని నుంచి గోడ మీదుగా మా ఇంట్లోకి వైరు లాగారు.

"మీ సామాను, మా సామాను అన్నీ ఈ డబ్బాలనే ఉంటయ్. మీ ఇంట్ల కూసొని తెరుసుకోవచ్చు."

"మీ ఇంట్ల ఉన్నది మా ఇంట్లకెట్ల వస్తది సారూ?"

"రాదే అన్నా! కిటికీలకెళ్లి మా జామచెట్టును సూస్తవ్ గద, చెట్టు మీ ఇంట్లకొచ్చిందా?"

తల ఊపాను గానీ నాకు ఎక్కలేదు. అది చూసి ఆయన నా భాషలోకి దిగారు. "దొడ్డి ఒక్కటే అన్నా, గుర్తులు వేరు." ఎంత చదివినాయన, నా కోసం గొర్ల మాట మాట్లాడారు! మనిషికొక ఫోల్డర్ పెట్టారు. నాకూ ఒకటి. అందులో మా మంద ఫోటోలు వేసి ఇచ్చారు. రోజూ పొద్దున తెరిచి మా గొర్లను చూసుకునేవాణ్ణి.

బిడ్డ చివరి సంవత్సరంలో ఉండగా నేను చేసిన ఘనకార్యం చెప్పకపోతే ఈ రాత అబద్ధం అవుతుంది. మా గొల్లోళ్లలో ఒక పద్ధతి ఉంది. ఇంటింటికీ గొర్ల మీద వేరే రంగు గుర్తు ఉంటుంది. మన దొడ్డిలోకి పరాయి గుర్తు గొర్రె వస్తే ఆ రోజే బయటికి తోలేస్తాం, దాచుకున్నారని ఎవరూ అనకుండా. ఒక శనివారం కంప్యూటర్ తెరిస్తే, ఎవరో ఇద్దరు ఆడపిల్లల పేర్లతో ఒక ఫోల్డర్ కనబడింది. పరాయి సొత్తు మన ఇంట్లో ఎందుకని, మీట నొక్కి తోలేశాను. కోదాడ నుంచి బస్సు దిగి వచ్చిన బిడ్డతో గొప్పగా చెప్పాను కూడా.

బిడ్డ ముఖం పాలిపోయింది. "నాయినా! ఆ ఇద్దరు నా జతగాళ్లే! అది మా ప్రాజెక్టే! గురువారం వైవా ఉన్నది!"

"చెత్తబుట్టల ఉంటది గద, తియ్యి."

"అది గోడ అవతలి డబ్బాలది. ఈడ తుడిస్తే ఆడ పోయినట్టే, మన బుట్టల పడదు!"

ఏడ్చుకుంటూ గోడ అవతలికి ఉరికింది. సారు అల్మారా దగ్గరికి పోయారు. స్టీలు డబ్బా మూత తీసి, పాత తువ్వాలలో చుట్టిన ఇంకో డిస్కు బయటికి తీశారు. ప్రతి ఆదివారం స్నానం చేసి, టిఫిన్ ముట్టకముందే, అల్మారా మీద ఉన్నదంతా దానిలోకి ఎక్కించేవారు. సారు పూజ అయిందా అని నేను ఎక్కిరించేవాణ్ణి. "ఒక్క తావున ఉన్నదంటే లేనట్టే లెక్క" అనేవారు. ఆ పూజే ఆ రోజు కాపాడింది. ఆరు రోజుల పని పోయింది, మిగతాదంతా దొరికింది. ముగ్గురు పిల్లలూ సారు ఇంట్లోనే కూర్చుని పోయినదాన్ని మళ్లీ చేసుకున్నారు. ఆయన పక్కన కూర్చుని "ఇదెందుకు? అదెందుకు?" అని అడుగుతూనే ఉన్నారు. వైవాలో అవే ప్రశ్నలు వచ్చాయని పిల్లలు ఎగిరి గంతేశారు.

నేను మాత్రం సిగ్గుతో ఆ ఇంటి గేటు దాటలేకపోయాను. ఆయనే బయటికి వచ్చారు.

"ఏందే అన్నా, దొడ్డి బయట నిలవడ్డవ్?"

"తప్పయింది సారూ."

"తప్పు నాది. గొళ్లెం పెట్టకుండ దొడ్డి నీకు ఇడిసిపెట్టిన. ఇగ నుంచి నీకు సూసుడే, ముట్టుడు లేదు!"

అన్నట్టే చేశారు. ఆనాటి నుంచి నేను ఏది కదిలించబోయినా కంప్యూటర్ వద్దనేది. సారు భార్య, నాకు చెల్లె వరస, పళ్లెం ముందు పెట్టి "సూసుడేనా అన్నా, ముట్టుడు గూడ ఉన్నదా?" అని నవ్వేది. అట్లా ఏళ్లు గడిచాయి.

కర్మ అయ్యాక చెల్లె సూర్యాపేటకు వచ్చింది. అల్మారా దిక్కు చూసి అడిగింది. "అన్నా, ఈ డబ్బా బంద్ చెయ్యాల్నా? మీ సారు లేకపాయె, ఇగ ఎవరు సూస్తరు?"

ఆలోచించి చెప్తానని ఇంటికి వచ్చాను. దండ వేయడానికి పెద్దది చేయించిన సారు ఫోటో మా కంప్యూటర్‌లో ఉంది. అది ఆ దొడ్డిలో ఉండాలనిపించింది. వద్దంటుందని తెలిసినా జరిపాను. వద్దనలేదు. ఫోటో పోయి మా గొర్ల పక్కన కూర్చుంది. వెంటనే బిడ్డకు ఫోన్ చేశాను.

"బిడ్డా, సారు పెట్టిన గొళ్లెం ఇరిగిందే!"

"ఇరగలే నాయినా. మిర్యాలగూడ పొయ్యే ముందు సారే తీసిన్రు. నీకు చెప్పొద్దన్నరు. అన్నకు పనివడ్డ నాడు ఆయనకే తెలుస్తది అన్నరు."

మరుసటి ఆదివారం స్నానం చేసి, ఏమీ తినకుండా, గోడ అవతలికి పోయాను. "బంద్ చెయ్యకు చెల్లె" అని స్టీలు డబ్బా తెరిచాను. బిడ్డ ఫోన్‌లో చెప్పినట్టు డిస్కు తగిలించాను. పచ్చ లైటు మిణుకు మిణుకుమంటోంది. అల్మారా వెనుక నుంచి మా ఇంటికి పోయే వైరును ఇన్నేళ్లలో నేను అటు దిక్కు నుంచి ఎన్నడూ చూడలేదు. దాని కొసన రంగు వెలిసిన అట్టముక్క ఫ్యాన్ గాలికి ఊగుతోంది. దాని మీద సారు గుండ్రటి అక్షరాలు: 'అన్న ఇల్లు'.