సాక లొట్టి

నా పెనిమిటి చచ్చిపోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఈ మాట ఇన్నేళ్ళకు రాస్తున్నందుకు నాకేం సిగ్గు లేదు, అప్పుడూ లేదు. సిగ్గంతా చూడవచ్చిన ఆడవాళ్ళకే. ఒకామె నా వీపు చరిచి, "ఏడ్వు బిడ్డా, దుఃఖం లోపల్నే ఉంటే పానం మీదికొస్తది" అంది. ఏడిస్తే తప్ప ఆమె లేచేటట్టు లేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. దాంతో ఆమె తృప్తిపడి వెళ్ళిపోయింది.

పోలీసు యాక్షన్ అయిన పది పన్నెండేళ్ళకు తాండూరులో జరిగిన సంగతి ఇది. నా తల్లిగారిల్లు వికారాబాదు. పెళ్ళయి వచ్చాకే బండల గని అంటే ఏమిటో చూశాను. కరణ్‌కోట దిక్కున ఎక్కడ తవ్వినా పైన రెండు నిలువుల మట్టి, దాని కింద పొరలు పొరలుగా బండ. మట్టి ఎత్తిపోసి, గడ్డపారలతో పొర లేపి, పలకలు చేసి రైలుకెక్కించేవారు. ఆయన పని అదే. మేస్త్రితో కలిపి జట్టులో ఎనిమిది మంది. మేస్త్రి మా మామ ఈడువాడు, నన్ను బిడ్డా అని పిలిచేవాడు.

గనిలో కొత్త పొర తెరిచే రోజు సాక పోయడం వాళ్ళ ఆనవాయితీ. మైసమ్మను తలుచుకుని, మొదటి గడ్డపార పడే చోట కల్లు ధారగా పోస్తారు. ఆ తర్వాతే పనిముట్టు ముడతారు. కల్లు లొట్టి ఒక్కోసారి ఒక్కో ఇంటి నుంచి రావాలి. ఆ రోజు మా వంతు. సాకకు చిన్న లొట్టి చాలు. కానీ చిన్నది తీసుకుపోతే ఫలానావాళ్ళ కోడలు పిసినారి అంటారని నేను పెద్ద లొట్టి నింపించాను. దాన్ని నెత్తిన పెట్టుకుని, నాలుగు నెలల పిల్లను చంకనేసుకుని పొద్దున్నే గనికి పోయి ఇచ్చాను. ఆయన లొట్టి దించుకుంటూ, "గింత పెద్దదెందుకే, మైసమ్మకేమన్న పెండ్లా?" అన్నాడు. నాతో మాట్లాడిన ఆఖరి మాట అది. పిల్ల గునుస్తోందని తిరిగి వచ్చేశాను.

ఇంటికొచ్చి పిల్లకు పాలిస్తుంటే బజారులో మనుషులు ఉరుకుతున్న చప్పుడు వినిపించింది. వానలకు నానిన మట్టికట్ట విరిగి గనిలో పడిందన్నారు. ముగ్గురు పోయారు. ఆయన, ఇంకా బొంరాస్‌పేట దిక్కు నుంచి పనికొచ్చిన అన్నదమ్ములిద్దరు. మిగతా ఐదుగురికి చిన్న దెబ్బయినా తగల్లేదు.

మర్నాడు ఆ ప్రాంతం నుంచి గెలిచిన నాయకుడు జీపులో గని చూడవచ్చాడు. అప్పటికింకా శవాలను మాకు అప్పగించలేదు. గని అంచున పగిలిన లొట్టి పెంకులు, కల్లు వాసన. నాయకుడు ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని, "పొద్దుగాల్నే తాగి దిగితే మన్ను మీద పడకుంట ఉంటదా? గిసుంటోళ్ళను సర్కారు ఎట్ల కాపాడ్తది?" అన్నాడట. పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వారట. జీపు స్టేషన్ దాకా పోకముందే ఆ మాట ఊరంతా పాకింది.

మధ్యాహ్నానికి తాండూరు బజారు బందయింది. బండ పనివాళ్ళ మొహం ఏనాడూ సరిగ్గా చూడని సేట్లు కూడా దుకాణాలు మూశారు. రైలు డబ్బాలకు పలకలెక్కించే హమాలీలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. వికారాబాదులో ఆ నాయకుడు కొత్త బంగళా కట్టించుకుంటున్నాడు, దాని నేల పరిచేది మావాళ్ళే. వాళ్ళు సగం గదికి బండలు పరిచి, మిగతా సగం మన్ను మన్నుగానే వదిలేసి, పనిముట్లు సంచిలో వేసుకుని రైలెక్కి వచ్చేశారు. కొడంగల్ సంతలో ఆయన మీటింగుకు కుర్చీ ఇచ్చిన దుకాణం లేదని చెప్పుకున్నారు.

రోజూ మా ఇంటి ముందు నుంచి ఊరేగింపు పోయేది. ఆ నాయకుడికి ముర్దాబాద్, మా ఆయన పేరు పెట్టి జిందాబాద్. నేను పెనిమిటి పేరు ఎన్నడూ నోటితో పలికినదాన్ని కాదు. మా అత్త కూడా పెద్దోడా అనే పిలిచేది. ఆ పేరు అంత గట్టిగా వినడం నాకదే మొదలు. ఎవరో వేరే మనిషి గురించి అరుస్తున్నారనిపించేది. మూలకు కూర్చుని వింటుండేదాన్ని. పిల్ల ఆ చప్పుడుకు ఉలిక్కిపడేది.

వాళ్ళందరికీ కోపం, ఎందుకంటే ఆ నాయకుడు అన్నది అబద్ధమని వాళ్ళకు తెలుసు. నాకు తెలియదు. ఊళ్ళో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

ఆయన అంతకుముందు తాగేవాడు. పిల్ల పుట్టిన ఇరవయ్యొకటో రోజున, తొట్లె వేసినప్పుడు, నేనే ఆయన చెయ్యి పట్టి పిల్ల నెత్తి మీద పెట్టించి ఒట్టు వేయించాను. ఒక్క చుక్క ముట్టనన్నాడు. మాట మీదే ఉన్నాడు. కానీ సాక పోయగా లొట్టిలో మిగిలిన కల్లు మైసమ్మ ప్రసాదం. జట్టంతా కూర్చుని తాగుతారు. ప్రసాదాన్ని కాదనేది ఎవరు? పైగా లొట్టి నేను ఇచ్చిందే, అదీ పెద్దది. ఆయన తాగి ఉంటే ఒట్టు తప్పినట్టే. ఒట్టు తప్పితే కీడు పిల్లకు. ఇప్పుడు నవ్వే వాళ్ళు నవ్వుకోండి, అప్పుడు నా బుర్రలో ఇదొక్కటే ఉంది. పోయినవాడు పోయాడు. పిల్ల తుమ్మితే నా ఒళ్ళు చల్లబడేది. దాని ఒళ్ళు వెచ్చగా ఉందా అని గడియకోసారి తడిమి చూసేదాన్ని.

తొమ్మిదో రోజు ఆ నాయకుణ్ణి పెద్దమనుషులు మా ఇంటికి తీసుకొచ్చారు. వాకిలి నిండా జనం. ఆయన గడప బయటే చేతులు జోడించి నిలబడ్డాడు. "అమ్మా, తెల్వక ఒక మాట నోరు జారింది. మాఫ్ చెయ్యిన్రి" అన్నాడు. మా అత్త గోడకు తిరిగి కూర్చుంది. అందరూ ఆమె వైపు చూస్తున్నారు. మూలకున్న ముండమోపి నోరు తెరవకూడదు, నాకు తెలుసు. అయినా తెరిచాను.

"తాగిండని మీకెవరు చెప్పిన్రు?" అని అడిగాను.

అత్త నా చెయ్యి గిల్లింది. ఆయన నా వైపు చూడకుండా, "ఎవరు చెప్పలేదమ్మా. లొట్టి పెంకులు కనవడ్డయి. ఊకె అన్న" అన్నాడు.

ఊరికే అన్నాడట. ఈ మనిషికి ఏమీ తెలియదు. ఇన్నాళ్ళూ ఆయన మాట పట్టుకుని నేను నా పిల్లను తడుముకుంటూ కూర్చున్నాను. అప్పుడు మాత్రం ఆయన మీద కాస్త కోపమొచ్చింది, అదీ ఎక్కువసేపు నిలవలేదు.

జనంలోంచి మేస్త్రి ముందుకొచ్చాడు. "అది సాక లొట్టి సార్. మైసమ్మకు పోసినం. మా జట్టుల ఒక్కడు సుత ఒక్క చుక్క ముట్టలె" అన్నాడు. జనం ఒక్కసారిగా కేకలు వేశారు. నాయకుడు మళ్ళీ దండం పెట్టాడు. పెద్దమనుషులు ఆయన్ను జీపెక్కించారు. మర్నాటి నుంచి బజారు తెరిచారు, రైలుకు పలకలెక్కాయి. వికారాబాదు బంగళాలో మిగతా సగం గది కూడా పరిచారనే విన్నాను.

నా లోపల బరువు కొంచెం దిగింది. కానీ మేస్త్రి ఆ మాట అంటున్నప్పుడు నేల చూశాడు. అది నేను చూశాను.

దినాలైన మూడోనాడు, ఎండ ఎక్కాక మేస్త్రి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అత్త పెరట్లో ఉంది. నేను తలుపు చాటున నిలబడి, "నిజం చెప్పు మామా, ముట్టలేదా?" అని అడిగాను.

మేస్త్రి రుమాలు తీసి మడత పెట్టుకున్నాడు. "గట్ల అందరి ముంగట చెప్పిన గని బిడ్డా, మేం ఐదుగురం తాగినం. సాక పోసినంక లొట్టిల మస్తు మిగిలింది. గట్టు మీద కూసొని తాగుతున్నం. గా అన్నదమ్ములు చర్చికి పోయెటోళ్ళు, మైసమ్మ ప్రసాదం ముట్టరు. వాళ్ళు దిగిన్రు. నీ మొగణ్ణి నేనే పిల్చిన. జర కూసో, ఒక్క దొప్పెడు తాగి పోదువుగని అన్న. బిడ్డ మీద ఒట్టేసిన మామా అన్నడు. గడ్డపార అందుకొని వాళ్ళెంబడి దిగిండు. లొట్టిల కల్లు ఒడువక ముందే కట్ట కూలింది."

తాగినవాళ్ళు గట్టు మీద బతికారు. నేను అర్థం చేసుకోవడానికి అంతకంటే ఏమీ లేదు. మేస్త్రి ఇంకేదో చెప్పాడు, తాగిన సంగతి బయటపడితే నాయకుడి మాటే గెలుస్తుందని భయపడ్డామని. నేను తలూపాను. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. తాగి, చెంబు బోర్లించి, వెళ్ళిపోయాడు.

అత్త పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏమన్నడు?" అంది.

"ముట్టలేదట" అన్నాను.

కొడుకు పోయిన నాటి నుంచి నాలాగే కళ్ళు తడవకుండా ఉన్న ముసలిది, అక్కడే గుంజకు ఆనుకుని చతికిలబడి ఏడ్చింది. ఏడుస్తూ నా గదుమ పట్టుకుని, "చూసినవా, నా కొడుకు నువ్వు ఏపిచ్చిన ఒట్టు తప్పలె" అంది.

"అవునత్తా" అన్నాను.