నా గుమ్మడి గ్రనోలా బార్లు తిన్నదెవరు

ముందు మీరు చెప్పండి, తరవాత నేను చెబుతాను. వంటింటి గూట్లో ఒక పాత పాలపొడి డబ్బా. మూత తీస్తే గుమ్మడి గింజలు. బాగా ఎండినవి, తెల్లనివి, అంచుల్లో కాస్త గులాబీ రంగు తిరిగినవి. ఏం కనిపించింది మీకు? మొహమాటం వద్దు, చెప్పండి. గింజలే కదా? నాకూ గింజలే కనిపించాయి. అందుకే మొన్న సోమవారం పొద్దున, కడుపుతో ఉన్న పిల్లతో సహా నలుగురి ప్రాణాలు తీశాననుకుని, ఒక కాలికి నా చెప్పు, రెండో కాలికి మా ఆయన చెప్పు వేసుకుని ఊరంతా పరుగెత్తాను.

ఇదంతా నా షుగర్‌తో మొదలైంది. టీలోకి బిస్కెట్లు మానేయమన్నాడు డాక్టరు. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. ఇంటర్వెల్ బెల్లు కొడితే టీ, రెండు బిస్కెట్లు, అలా అలవాటైన నోరు ఇది. ఊరుకోమంటే ఊరుకుంటుందా? ఫోన్‌లో వెతికితే ఒక అమ్మాయి దొరికింది. 'ఇంట్లోనే హెల్దీ పంప్‌కిన్ గ్రనోలా బార్స్' అట. నవ్వుతూ, చేతికి మరక కూడా అంటకుండా అరగంటలో చేసేసింది. షుగర్ ఉన్నదానివి బెల్లం ఎందుకు వేశావని మాత్రం నన్ను అడగకండి. 'కొంచెం బెల్లం' అంది ఆ అమ్మాయి. కొంచెం అంటే ఎంతో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

గుమ్మడికాయ మా పెరట్లోదే. ముక్కలు కోసి, ఉడికించి, మెదిపాను. ఓట్స్ వేయించాను. వేరుశనగ గుళ్ళు, నువ్వులు, ఖర్జూరం, అన్నీ ఉన్నాయి. గుమ్మడి గింజలే లేవు. కోసిన కాయలో ఉన్నవి పచ్చివి, జారిపోతున్నాయి. అప్పుడు కనిపించింది గూట్లో ఆ డబ్బా. వీడియోలో గింజలు ఆకుపచ్చగా ఉన్నాయి, ఇవి తెల్లగా ఉన్నాయి. రకం తేడా అనుకున్నాను. వాళ్ళవి పొట్టు తీసినవని నాకెవరు చెప్పారు? ఆ గులాబీ రంగు వేయిస్తే పోతుందిలే అనుకుని మూకుట్లో పోసేశాను.

పాకం ముదిరింది. మా ఇంట్లో ఓవెన్ లేదు, కుక్కర్‌లో ఇసుక పోసి పళ్ళెం పెట్టాను. ఈలోగా ఫోన్ వచ్చింది, మాటల్లో పడి మర్చిపోయాను. తీసి చూస్తే పళ్ళెంలో గచ్చు వేసినట్టుంది. చాకు వంగింది. చివరికి కత్తిపీటకి ఆనించి, పైన రోకలితో కొడితే పన్నెండు ముక్కలైంది.

నాకు మాత్రం బాగానే ఉన్నాయండీ! అక్కడే నిలబడి రెండు తిన్నాను. మా అమ్మ మిరప కోతకెళ్ళి తెచ్చిన కూలి జొన్నలు వేయించి పెడితే నమిలి పెరిగిన పళ్ళు నావి. కటకటలాడించేశాను.

ఆదివారం చర్చి అయ్యాక పంచాను. పక్కవీధి రోజమ్మకి నాలుగు ఇచ్చాను. ఆమె కూతురు సునీత పురిటికి పుట్టింటికొచ్చింది, ఎనిమిదో నెల. "రోజుకొకటి పెట్టు, బలం" అన్నాను. టైలర్ మస్తాన్‌కి మూడిచ్చాను. వాడు నా దగ్గర అయిదో తరగతి చదివాడు. ఇప్పుడు నలభై దాటినా నన్ను చూస్తే మిషన్ మీంచి లేచి నిలబడతాడు. మా ఆయన చేతిలో ఒకటి పెట్టాను. మిగిలిన రెండూ ఆ సాయంత్రం టీలో ముంచుకుని నేనే తిన్నాను.

సోమవారం పొద్దున మా ఆయన వంటింట్లోంచి కేకేశాడు.

"ఏమే, గూట్లో డబ్బా ఖాళీగా ఉందేం?"

"గింజలా? బార్లలో వేశాను కదయ్యా."

"అయ్యో, అవి విత్తనాలే! పాదులకని దాచుకున్నాను!"

విత్తనాలు. ఆ మాట వినగానే డబ్బాలోని గులాబీ రంగు కళ్ళముందుకొచ్చింది.

పత్తి పండే నేల మాది. విత్తనానికి రంగు ఎందుకుంటుందో ఇక్కడ పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పురుగుమందు పట్టించిన గింజ అది. తింటే పోతావని చెప్పడానికే ఆ రంగు. చిన్నప్పుడు నాగలి వెనక నడుస్తూ సాళ్ళలో గింజలు వేసేదాన్ని. గట్టెక్కగానే మా అమ్మ నా చేతులు బూడిదతో మూడుసార్లు తోమేది, చర్మం మండేదాకా. మా కూలి ముఠాలో ఒకామె ఆకలికి ఆగలేక ఆ చేత్తోనే సద్ది తినింది. మంచమ్మీద మోసుకెళ్ళారు. మళ్ళీ పనిలోకి రాలేదు. టీచర్నయ్యాక ఏటా విత్తులు వేసే రోజుల్లో పిల్లల చేత చెప్పించేదాన్ని. "రంగు గింజ కనిపిస్తే ఏం చెయ్యాలి?" అని నేను, "ముట్టుకోకూడదు టీచర్!" అని వాళ్ళు.

అంత పాఠం చెప్పిన చేత్తో ఆ గింజల్ని నెయ్యేసి వేయించాను!

"మందు పట్టించావా వాటికి?" అన్నాను.

మా ఆయన నోరు తెరిచాడు. "అది... మందంటే..." అని నీళ్ళు నమిలాడు. మొహం పాలిపోయింది. ఇంకేం చెప్పాలి?

"నోర్మూసుకుని బండి తియ్యి!" అన్నాను.

ముందు మస్తాన్‌కి ఫోన్ చేశాను. భయపెట్టకూడదని మామూలుగా మొదలుపెట్టాను.

"ఏరా మస్తానూ, నేనిచ్చినవి తిన్నావా?"

"తిన్నాను టీచర్! మూడూ తినేశాను! భలే ఉన్నాయి టీచర్!"

"మూడూనా?"

"ఇంకుంటే పంపండి టీచర్!"

గోడ పట్టుకున్నాను. "కడుపులో ఎలా ఉందిరా?"

"బ్రహ్మాండంగా ఉంది టీచర్."

"తల తిరుగుతోందా? నిజం చెప్పు!"

వాడు కాసేపు ఆలోచించాడు. "మీరంటే తిరుగుతున్నట్టే ఉంది టీచర్."

"కదలకు! అక్కడే పడుకో! వస్తున్నాను!" అని ఫోన్ పెట్టేశాను. ఇంక ఏ చెప్పు ఎవరిదో ఎక్కడ చూసుకుంటాను?

బండి మీద మా ఆయన మళ్ళీ వెనక్కి తిరిగాడు. "అది కాదే, ఆ గింజలకి..."

"రోడ్డు చూడు! ఆ పిల్లకి ఏమైనా అయితే జన్మలో నీ మొహం చూడను!"

రోజమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. సునీత అరుగుమీద కూర్చుని కాళ్ళు చాపుకుని ఉంది. కాళ్ళు కాస్త వాచి ఉన్నాయి. ఎనిమిదో నెలలో ఎవరి కాళ్ళైనా వాస్తాయి. నాకప్పుడు అది తోచలేదు, మందు పనిచేస్తోందనే అనుకున్నాను.

"రోజమ్మా, బార్లు పెట్టావా పిల్లకి?"

"పెట్టకేం వదినా! నిన్నొకటి, పొద్దున పాలతో ఒకటి. ఎంత ఇష్టంగా తిందో!" అంది, చేట కింద పెట్టకుండానే.

"సునీతా, తిన్నావామ్మా?"

పిల్ల తల్లి వంక చూసింది. "తిన్నానత్తా. బాగున్నాయి."

నేనక్కడే నేలమీద కూలబడ్డాను. ఏడుపు తన్నుకొచ్చింది. కడుపులో బిడ్డని తెలియకుండా చంపేశానని ఈ నోటితో ఎలా చెప్పాలి? చెప్పకపోతే ఎలా?

"రోజమ్మా, నన్ను కొట్టు. ఆ గింజలకి పురుగుమందు ఉంది. లే, పిల్లని లేపు, ఆస్పత్రికి పోదాం!"

చేట జారిపోయింది. బియ్యం వాకిలంతా చెదిరింది. రోజమ్మ గుండెలు బాదుకోబోయి మధ్యలో ఆగింది. సునీత మెల్లిగా అంది. "అమ్మా, చెప్పేద్దామే."

"నువ్వూరుకో! టీచరమ్మ ఏమనుకుంటుంది?"

"ఏమనుకునేదేంటే, ప్రాణం పోతుందంటుంటే!" పిల్ల పొట్ట పట్టుకుని లేచి నా దగ్గరికొచ్చింది. "అత్తా, నేను తినలేదు. కొరికితే కొరుకుడు పడలేదు. పీచు పళ్ళలో ఇరుక్కుంది. అమ్మ కొరికింది, కట్టుడు పన్ను ఊడింది. రుమాల్లో కట్టి పెట్టాం, చూపించమంటారా?"

"నాలుగూ ఏవి?" అన్నాను.

కిటికీ వైపు చూపించింది. రెక్క గాలికి కొట్టుకోకుండా సందులో నా బార్ దిగ్గొట్టి ఉంది. లోపలికెళ్ళి చూస్తే ఒకటి మంచం కోడు కింద. మిగతా రెండూ పొయ్యి పక్కన, పన్ను గుర్తులతో.

నాకు ఏడుపాగలేదు, నవ్వూ రాలేదు. ఆ మంచం కోడు కింద ఉన్నదాన్ని చేత్తో తడిమి చూశాను. ఒక్క మూలైనా విరగలేదు. దేవా, నీకు స్తోత్రం అనుకున్నాను. నా వంట ఇంత చండాలంగా ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకోవడం జీవితంలో అదే మొదటిసారి.

కానీ మస్తాన్ మూడు తిన్నాడు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు.

షాపుకి వెళ్ళేసరికి వాడు నిజంగానే బట్టల మూటమీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"పడుకో! ఎన్ని తిన్నావురా?"

"మూడు టీచర్."

"ఒట్టేసి చెప్పు. వాటిలో పురుగుమందు ఉందిరా!"

వాడు మూట మీంచి ఎగిరి దూకాడు. టేబుల్ మీద పరచిన గుడ్డ లాగితే మూడు బార్లు దొర్లిపడ్డాయి. "గుడ్డ కత్తిరించేటప్పుడు జరగకుండా బరువుకి పెట్టుకున్నాను టీచర్! భలే పనికొచ్చాయి! అందుకే ఇంకా పంపమన్నాను!" మూడింటిమీదా సుద్ద గీతలున్నాయి.

"మరి తల తిరుగుతోందన్నావేరా?"

"మీరు తిరుగుతోందా అని అడిగారుగా టీచర్. లేదంటే తిడతారేమోనని."

అప్పుడు మా ఆయన వంక తిరిగాను. "నీకిచ్చింది ఏం చేశావు?"

"గేదెకి పెట్టాను," అన్నాడు నేల చూస్తూ. "అది వాసన చూసి వదిలేసింది. అది కాదే, ముందు నా మాట..."

"నువ్వాగు!"

మొత్తం పన్నెండు చేశానని, రోజమ్మ ఇంట్లో నాలుగూ దొరికాయని మస్తాన్‌కి చెప్పాను. వాడు వేళ్ళు మడిచి లెక్కేశాడు. "నాలుగు అక్కడ, మూడు ఇక్కడ, ఒకటి గేదె. పన్నెండన్నారుగా టీచర్. ఇంకా నాలుగు?"

నాలుగూ తిన్నది నేను.

అంతవరకు రాయిలా ఉన్నదానికి ఒక్కసారిగా నాలుక మొద్దుబారింది. చెమటలు పట్టాయి. వీపు మీద చీమలు పాకినట్టుంది. అవతలివాళ్ళ ప్రాణం గురించి భయపడ్డప్పుడు పరుగెత్తగలిగాను. నా ప్రాణం అనేసరికి రెండడుగులు వెయ్యలేకపోయాను. మస్తాన్, మా ఆయన చెరో రెక్క పట్టుకుని ఆటోలో పడేశారు. దారి పొడవునా ముఠాలో ఆ సద్ది తిన్నామె మొహమే కనిపించింది.

ఊరి ఆస్పత్రిలో నర్సు చిన్నపిల్ల. బల్లమీద పడుకోబెట్టి, కళ్ళు చూసి, బీపీ కట్టింది.

"ఏం మందు? డబ్బా తెచ్చారా? పేరేంటి?"

నేను మా ఆయన వంక చూశాను. ఆయన గోడ వంక చూశాడు.

"బాబాయ్, మందు పేరు తెలిస్తేనే వైద్యం. త్వరగా చెప్పండి!"

"మందు కాదమ్మా," అన్నాడు. "జాకెట్ గుడ్డ."

"ఏంటీ?"

"గింజలు కడిగి, తడిగానే గుడ్డలో మూటగట్టి ఎండేశాను. చేతికందిన గుడ్డ కట్టాను. అది ఎర్రది, చీరాలలో కొత్తగా కొనుక్కుంది ఈవిడ. రంగు దిగి గింజలకి అంటింది. గుడ్డ పాడైపోయింది. గడ్డివాములో దాచిపెట్టాను."

నేను బల్లమీంచి లేచి కూర్చున్నాను. నాలుక మొద్దు ఎక్కడికి పోయిందో! "పొద్దుట్నించీ చెప్పొచ్చుగా!"

"ఇంట్లో ఒకసారి, బండిమీద ఒకసారి, షాపులో ఒకసారి మొదలుపెట్టాను. ప్రతిసారీ నోర్మూసుకోమన్నావు. నిజం చెప్పొద్దూ, మూయడమే నయమనిపించింది. గుడ్డ సంగతి బయటికొస్తే నువ్వు..." అని ఆగిపోయాడు.

నర్సు నవ్వాపుకోలేక బీపీ మిషన్ పక్కన పెట్టింది. "పెద్దమ్మా, రంగే కాబట్టి ఏం కాదనుకుంటున్నాను. డాక్టరుగారొచ్చి చూసేదాకా నీళ్ళు తాగుతూ కూర్చోండి. బీపీ మాత్రం ఎక్కువగా ఉంది. కాసేపు ఎవర్నీ తిట్టకండి." డాక్టరూ వచ్చి అదే మాటన్నాడు.

ఎవర్నీ తిట్టకుండా ఆ బెంచీమీద గంట కూర్చున్నాను. అంత పొడుగు గంట నా సర్వీసులో కూడా లేదు. కూలిడబ్బులు సగం కోసేస్తే నోరు పెట్టుకునే తెచ్చుకున్నాను. చదువు మాన్పించబోతే నోరు పెట్టుకునే హాస్టల్లో చేరాను. నోరే లేకపోతే ఇవాళ్టికీ ఎవరి సాళ్ళలోనో గింజలు వేస్తుండేదాన్ని. కాదనను. కానీ బతికున్నారా లేదా అని నేను ఏడుస్తూ అడుగుతుంటే, నా నోటికి జడిసి 'బాగుంది టీచర్' అని నవ్వుతూ చెప్పారు చూశారా, దానికి భయమేసింది నాకు. పురుగుమందుకంటే ఎక్కువ భయమేసింది.

సరే, మారాలనుకున్నాను. నిన్న మళ్ళీ చేశాను. పొట్టు తీసిన గింజలు కొన్నాను, పాకం లేతగా తీశాను. నాకైతే మెత్తగానే అనిపించాయి. మస్తాన్‌కి రెండు పంపి, ఎంతో నెమ్మదిగా, ప్రేమగా ఫోన్ చేశాను. "బాబూ, బాగా లేకపోతే లేవని చెప్పు. ఏమీ అనను."

"చాలా బాగున్నాయి టీచర్! రెండూ తినేశాను!" అన్నాడు, మధ్యలో కత్తెర చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మీరు చెప్పండి. వాడు తిన్నాడంటారా?