ఖాళీ జాగ గడి

అరవై తొమ్మిదిల నేను చేవెళ్ల వడ్ల గోదాముల గుమస్తాను. గోదాం నిండకముందే బజార్ల ఉన్న ఆఫీసుకు ఎరుక చేసుడు నా పని. అందుకోసం రోజూ పొద్దుగాల రెండు పేజీల ఫారం నింపి పంపాలె. ఏ రకం వడ్లు ఎన్ని సంచులు, ఏ వరుసల ఉన్నయి, అన్నీ రాసినంక వెనుక పేజీల ఆఖరుకు ‘ఖాళీ జాగ’ అని చిన్న గడి. ఆఫీసుల ఆ ఫారాన్ని మడత కూడా విప్పకుండ ఇనుప తీగకు గుచ్చేటోళ్లు.

తెలంగాణ ఉద్యమంతోని లారీలు ఆగిపోయినయి. శంకర్‌పల్లి స్టేషన్‌కు ఒక్క సంచి కదలలే. మొయినాబాద్ దిక్కు నుంచి ఎడ్లబండ్లు మాత్రం వస్తనే ఉన్నయి. కడుపు మండి, ఫారం మడత పైననే కనబడేటట్టు ఎర్ర సిరాతో పెద్దగ రాసిన: ‘ఇంక నలభై సంచులకే జాగ ఉన్నది. ఎల్లుండికి నిండుతది.’

ఆఫీసరు పిలిపిచ్చిండు. “ఫారం ఖరాబు చేసెటందుకు నువ్వెవనివయ్యా?” అన్నడు. నా రాత మీద అడ్డంగ గీత కొట్టి, కొత్త ఫారం నింపుకరమ్మన్నడు. నింపిన. సిగ్గులేక నింపిన.

నాలుగో రోజు వాన దంచికొట్టింది. జాగ లేక బయట పేర్చిన సంచులన్నీ తడిసి, వడ్లు మొలకెత్తినయి. రైతుల చెమట నా కండ్ల ముందటనే మురిగిపోయింది.

వారానికి నాకు మెమో వచ్చింది. ఆ ఆఫీసుకు సూటిగ రాసుడు రాదనుకున్న ఇన్ని దినాలు. వచ్చు. కాయితం నడుమ, పెద్ద అక్షరాలల్ల, ఒక్కటే వాక్యం: ‘గోదాం నిండుతున్నదని ముందే ఎందుకు చెప్పలేదు?’