ఆముదపు పిండి వేసిన వేసవి

మొక్కల మీద ఇష్టంతో నేను తోటపని మొదలుపెట్టలేదు. టీచరుగా నా మొదటి ఉద్యోగం శ్రీకాకుళంలో వచ్చింది. నాగావళికి దగ్గర్లో అద్దెకు తీసుకున్న ఇంటి వెనక చిన్న ఇసుక దొడ్డి ఉండేది. పల్లేరు తప్ప అందులో ఏమీ మొలిచేది కాదు. అరవైలు ముగుస్తున్న రోజులవి. బడి నుంచి వచ్చాక చేసే పని లేదు, మాట్లాడే మనిషి లేదు.

పక్కింట్లో మిషను ఆస్పత్రి నర్సు ఉండేది. యాభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. వీధంతా ఆవిడను సిస్టరమ్మ అనేవాళ్ళు. ఒక సాయంత్రం గోడ మీదుగా బచ్చలి తీగ ముక్క చాపి, "పెంచుతావేటి, పప్పులో ఏసీసుకుంటావేటి? ముందది సెప్పు," అంది.

పెంచుతానన్నాను.

"అయితే ఇసకలో గుచ్చకు. గుంట తీసి గెత్తం ఎయ్యి."

గెత్తమంటే పశువుల ఎరువు. విజయనగరంలో పుట్టినదాన్ని కాబట్టి ఆ మాట నాకు తెలుసు. అదెక్కడ దొరుకుతుందో మాత్రం తెలీదు. ఆవిడే ఒక గంపెడు ఇచ్చింది. బచ్చలి బతికింది. ఆ తర్వాత ఆదివారాలు నేను కూడా వాళ్ళతో కలిశాను.

వాళ్ళు అంటే ముగ్గురే. చర్చి నుంచి సిస్టరమ్మ వచ్చాక, ఆవిడ దొడ్లో ములగచెట్టు కింద కూర్చునేవాళ్ళు. రెండో మనిషి ఏటవతలి ఊళ్ళో రైతు ఇల్లాలు. ఆవిడను నేను అక్క వరసన అప్పా అని పిలిచేదాన్ని. వరీ చోడీ పొలాలు మగవాళ్ళ పని, ఇంటెనక కూరమడి ఆవిడది. మూడో ఆయన రిటైరైన సర్వేయరు. భార్య పోయింది, కూతుళ్ళు అత్తవారిళ్ళలో ఉన్నారు. ఒంటరిగా ఉంటూ బరంపురం నుంచి తెచ్చిన గులాబీలు పెంచేవారు. అప్ప పెనిమిటిదీ ఆయనదీ ఒకే ఊరు కాబట్టి ఆవిడ ఆయన్ని బావా అనేది. గులాబీలను కూడా ఆయన తాడు పట్టి వరసలో నాటారు. అది చూసి అప్ప, "బావా, పూలొచ్చి శిస్తు కడతాయేటి?" అని నవ్వేది.

కొండల వైపు జరుగుతున్న అలజడి గురించి బజార్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్న కాలం. ములగచెట్టు కింద మాత్రం చిక్కుడుకు పట్టిన పేనుబంక గురించే మాట. బూడిద చల్లాలని ఒకరు, గంజి చల్లాలని ఒకరు. అడక్కుండా తెంపుకొచ్చిన కొమ్మే బాగా బతుకుతుందని అప్ప వాదించేది. "దొంగతనం పాపం. అడిగి తీసుకో, అదీ బతుకుతాది," అనేది సిస్టరమ్మ. ఇది ప్రతి ఆదివారం జరిగే తగువు. ఎవరూ ఓడిపోయేవారు కాదు.

మా నలుగురిలో సర్వేయరుగారి మాటకు బరువెక్కువ. ఆయన గట్టిగా చెప్పేవారు, ఆయన గులాబీలు ఆ మాటకు సాక్ష్యంగా కనిపించేవి. ఒక వేసవి మొదట్లో ఆయన ఉత్సాహంగా వచ్చారు. బరంపురంలో గులాబీలిచ్చిన మనిషి కనిపించి రహస్యం చెప్పాడట. ఆముదపు పిండి, అంటే గానుగలో నూనె తీశాక మిగిలే చెక్క, మొక్క మొదట్లో వేసి నీళ్ళు పెట్టాలి.

"గుప్పెడు సాలు. సూడండి, ఎలగొస్తాదో," అన్నారు.

అందరం వేశాం. అప్ప వంగమడి అంతా వేసింది. నేను నా మిరపకూ బచ్చలికీ వేశాను. సిస్టరమ్మ తన మల్లెకు వేసింది. ఆ మల్లె మామూలుది కాదు. శ్రీకూర్మం దగ్గరి ఊళ్ళో వాళ్ళమ్మ పెంచినది. తల్లి పోయాక ఆ ఇంటి నుంచి ఆవిడ తెచ్చుకున్నది ఆ పిలక ఒక్కటే.

వారం తిరక్కుండానే ఆకులు వేలాడాయి. ఎండ దెబ్బనుకుని ఇంకా నీళ్ళు పోశాం. పోసినకొద్దీ పచ్చి పిండి మట్టిలో పులిసి, వేడెక్కి, వేళ్ళను ఉడికించేసింది. మొక్క మొదట్లో చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. కంపు వీధిలోకి వచ్చింది. నా మిరప పోయింది, అప్ప వంగమడి పోయింది, మల్లె పోయింది. సర్వేయరుగారు తన గులాబీలకు మా అందరికంటే ఎక్కువే వేసుకున్నారు. అవీ పోయాయి.

ఆ ఆదివారం ఆయన వీధి మలుపు తిరుగుతుండగానే అప్ప ఎదురెళ్ళింది.

"బావా, నీ మాటినీసి మడంతా మాడ్సీసుకున్నాను. తెలిస్తే సెప్పాల. తెలీకపోతే నోరు మూసుకోవాల. ఈ ఏసంగంతా మా ఇంట్లో కూరేటి? నీ గులాబీలు వండుకోమంటావేటి?"

గడపల్లోంచి జనం చూశారు. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

మరుసటి ఆదివారం ఆయన రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మేం ముగ్గురమే కూర్చునేవాళ్ళం గాని మాట సాగేది కాదు. మొక్కల గురించి ఎవరేం చెప్పబోయినా మధ్యలో ఆగిపోయేవాళ్ళం. అప్ప కూడా కంపు సంగతి తప్ప అన్నీ మాట్లాడేది. చివరికి అప్ప లేని ఒక పూట, నన్ను తోడు రమ్మని సిస్టరమ్మ ఆయన ఇంటికి బయల్దేరింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల దొడ్డిలో ఒక్క మొక్క లేదు. గులాబీ మోళ్ళన్నీ పీకేసి, నేలంతా ఊడ్చి ఉంది. కళ్ళాపి చల్లిన వాకిలిలా ఉందది. ఆయన మాకు మంచినీళ్ళిచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు.

"ఉద్యోగమంతా గొలుసు పట్టుకుని తిరిగినాను సిస్టరమ్మా. కొలత తప్పితే మళ్ళీ కొలిసీవోడ్ని. దీన్నెలగ కొలుస్తాను? మీ అమ్మగారి మల్లి తెచ్చివ్వగలనేటి?"

"పిండి ఏసింది నా సెయ్యి," అంది సిస్టరమ్మ. "మీరు సెప్పినారు, నాను ఏసినాను. ఆస్పత్రిలో అయితే కొత్త మందు ఏదొచ్చినా మూడుసార్లు సదువుతాను. మొక్కకి సదవలేదు."

"అయినా నేనింక ఎవరికీ ఏటీ సెప్పను."

"సెప్పకండి. వచ్చి కూర్చోండి, సాలు."

ఆయన తల అడ్డంగా ఊపారు. మేం లేచి వచ్చేశాం. దారిలో సిస్టరమ్మ ఏడుస్తుందేమోనని చూశాను, ఏడవలేదు. ఇంటికొచ్చి, మల్లె ఉన్న చోట గుంట పూడ్చి, దాని మీద ఒక చదును రాయి వేసింది. తర్వాత ఎప్పుడూ ఆ రాయి మీదే కూర్చునేది.

చూసింది చూసినట్టు అప్పతో నేనే చెప్పాను. ఊడ్చిన దొడ్డి గురించి చెప్తుంటే ఆవిడ చింతపండు పిక్క తీస్తూ వింది.

"నానన్నది అబద్ధమేటి?" అంది.

"కాదప్పా."

కొంతసేపు పిక్కలు తీసింది. "నిజమైతే మాత్రం నడీదిలో అనాలేటి," అంది. అది నన్ను అడిగిన ప్రశ్న కాదు.

తొలకరి పడిన ఆదివారం, సిస్టరమ్మ చర్చి నుంచి రాగానే అప్ప మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని సర్వేయరుగారింటికి వెళ్ళింది. నెత్తి మీద గంపలో తడిగుడ్డ కప్పిన వంగనారు. అరుగు మీద గంప దించి లోపలికి కేకేసింది.

"బావా, తాడుందేటి?"

ఆయన గుమ్మంలోకి వచ్చారు. "ఏ తాడు?"

"గులాబీలకి పట్టినావు సూడు, ఆ తాడు. నారు తెచ్చినాను. ఎంతెడం పెట్టాలో సూపించు."

"నీకు తెలీదేటి? పుట్టినకాడ్నుంచి నాటతన్నావు."

"మా దొడ్డి నాకు తెలుసు. నీ దొడ్డి నాకేటి తెలుసు?"

ఆయన గంప మీది తడిగుడ్డ ఎత్తి చూశారు. "నా దొడ్లో నాటతావేటి?"

"మరెక్కడ నాటమంటావు? మా మడిలో మంట ఇంకా సల్లారనేదు. గులాబీలున్న పక్కొద్దు, ఈ పక్క ఖాళీగా ఉన్నాది గదా. ఏటలా సూస్తావు? నారు ఎండిపోతన్నాది."

క్షమించమని ఆవిడ అడగలేదు, ఆయనా ఆ సంగతి ఎత్తలేదు. లోపలికెళ్ళి తాడు తెచ్చారు. ఒక కొస నాకిచ్చారు, రెండో కొస తను పట్టుకున్నారు. అప్ప చీర ఎగదోపి నాటుకుంటూ వెళ్ళింది. మధ్యలో ఒక మొక్క దగ్గరగా పడింది.

"అది అటు జరుపు," అన్నారాయన, చిన్నగా.

అప్ప పీకి అటు జరిపింది. అప్ప ఎవరి మాటైనా విని నారు జరపడం నేను చూడడం అదే మొదలు. సిస్టరమ్మ చెంబుతో నీళ్ళు పోసింది. చర్చికి కట్టుకున్న తెల్లచీర అంచు మోకాళ్ళదాకా బురదయింది.

ఆ ఏడు వానాకాలమంతా మా ఆదివారాలు ఆయన దొడ్లోనే గడిచాయి. వంగ విరగ్గాసింది. మాకు మేం తిని, వీధిలో పంచి, చివరికి మమ్మల్ని చూస్తే పక్కవాళ్ళు తలుపులు వేసుకునే దాకా వచ్చింది. సర్వేయరుగారు చాలాకాలం ఏ సలహా చెప్పలేదు. ఒకసారి రైలెక్కి బరంపురం వెళ్ళి, ఆ పాత మనిషినే పట్టుకుని గట్టిగా అడిగి వచ్చారు. ఆముదపు పిండిని కుండలో నానబెట్టి, బాగా మురగనిచ్చి, ఆ నీటిని పలచన చేసి పొయ్యాలట. అప్పుడాయన సగమే విన్నారు. ఈ మాట మాకు చెప్పి, "ముందు ఒక్క మొక్కకేసి సూడండి," అని కలిపారు. సిస్టరమ్మ మందారానికి పోసింది, బాగానే పూసింది. అప్ప మాత్రం ఆ పిండి పేరెత్తితే ముక్కు మూసుకునేది.

రెండేళ్ళ తర్వాత నాకు భోగాపురం వైపు బదిలీ అయింది. వెళ్ళే ముందు ఆదివారం వాళ్ళు ముగ్గురూ నాకేమివ్వాలా అని తగువులాడారు. అప్ప ఆనప గింజలు కొంగుముడిలోంచి తీసి ఇచ్చింది. సిస్టరమ్మ కనకాంబరం నారు తడి గోనెలో చుట్టింది. అక్కడంతా ఎర్రనేలని విన్నాను, ఏం వెయ్యమంటారని సర్వేయరుగారిని అడిగాను.

ఆయన గోనెచుట్ట విప్పి నారు వేళ్ళు చూసి, మళ్ళీ చుట్టారు.

"ఆ నేల నాకు తెలీదమ్మా," అన్నారు. "అక్కడ పక్కింటోళ్ళని అడుగు."

ఎర్రనేల ఊళ్ళో దిగిన సాయంత్రం, సామాను ఇంకా విప్పకముందే, పక్కింటి గడపలో నిలబడి అడిగాను. లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ ఒక ఇల్లాలు వచ్చింది. నా చేతిలో గోనెచుట్ట చూసి, ముందు దాన్ని నీడలో పెట్టమంది.