లక్క కాచే సందులో ఆగస్టు పదిహేను

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు, మా హైదరాబాదు రాజ్యానికి అదే మొదటి ఆగస్టు పదిహేను. సికింద్రాబాద్ దుకాణాలకు కాగితం జెండాలు వేలాడుతున్నాయి. ఆ సెలవు నాడు ముగ్గురు స్నేహితులం పట్నం చూడ్డానికి బయల్దేరాం. చూడ్డానికి అన్నది పైకి చెప్పుకున్న మాట.

మాలో ఒకడు లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. అతని అన్న ఎక్కడో మరాఠీ జిల్లాలో తాలూకా కచేరీ గుమాస్తాగా ఉండేవాడు. పోలీసు యాక్షన్ నాటి నుంచి ఇల్లు చేరలేదు. ఉత్తరం లేదు, కబురు లేదు. చార్మినార్ పక్కన లక్క గాజులు చేసే సందులో అలాంటి మనిషి కనబడ్డాడని వాళ్ల వాడకట్టులో ఎవరో అన్నారు. ఆ రోజుల్లో ఒక ముస్లిం యువకుడి కోసం వాకబు చేస్తే, ఎదుటివాడు అడిగే మొదటి మాట "రజాకారా?" అనే. అతను ఏ పాపం ఎరగని గుమాస్తా అయినా సరే. భయపడి దాక్కున్నవాణ్ణి మన వెతుకులాటే పట్టిస్తుంది. అందుకని పేరెత్తకుండా, ఎవర్నీ అడగకుండా, షికారుకొచ్చినవాళ్లలా తిరుగుతూ మొహాలు చూడాలి. ప్రశ్నించనివాడు మనిషే కాదని సభల్లో గొంతు చించుకునే నేను నోరు మూసుకుని వెతకడానికి ఒప్పుకున్నాను. మరో దారి ఉందని ఇప్పటికీ అనుకోను.

మూడోవాడు బెజవాడ మనిషి. కొత్త పాలనలో గుమాస్తాగా వచ్చి నా పక్క గదిలో దిగాడు. చార్మినార్ చూడాలన్న సరదా అతనికి నిజంగానే ఉంది. అదే మాకు సాకు. సంగతంతా చెప్పాం, అడగకూడదనీ చెప్పాం. ఎందుకు అడగకూడదో మాత్రం అతనికి ఎక్కలేదు.

బస్సు హుస్సేన్‌సాగర్ కట్ట ఎక్కింది.

"ఏవండీ, దీన్నేనా సాగరం అంటారు? మా కృష్ణలో ఓ మూలకి చాలదు!"

"జెర మెల్లగ, సాబ్. చెరువు వింటది, ఇజ్జత్ పోతది దానికి" అన్నాడు ఫిట్టరు. ఆ రోజు అతను నవ్వింది అప్పుడే.

చార్మినార్ దగ్గర బడిపిల్లలు జెండాలు ఊపుతున్నారు. కొంచెం ఎడంగా ఒక మిలిటరీ లారీ ఆగి ఉంది. దాన్ని చూసీ చూడనట్టు దాటి లాడ్ బజార్లోకి, అక్కణ్ణించి వెనక సందులోకి నడిచాం. వాకిళ్లలో బొగ్గు కుంపట్లు, కరిగే లక్క వాసన. ఫిట్టరు గాజులు చూస్తున్నట్టు వంగి మనుషుల్ని చూశాడు. వాళ్లన్న ఎడమ భుజం కాస్త దించి నడుస్తాడు. ఎవరు లేచి నడిచినా ఇతని చూపు ఆ భుజం మీదికే పోయేది. ఒక చోట చాలాసేపు ఆగిపోయాడు. లోపల చీకట్లో ఎవరో అటు తిరిగి కూచుని పనిచేస్తున్నారు. లేస్తే తెలుస్తుంది. లేవడంలేదు.

బెజవాడ స్నేహితుడు ఇక ఓపలేకపోయాడు. కుంపటి ముందున్న ముసలాయన దగ్గరికి పోయి, ఎంతో మర్యాదగా, సందంతా వినబడేలా అడిగాడు: "పెద్దాయనా, కచేరీ గుమాస్తాగా చేసిన కుర్రాడొకడు, ఎడమ భుజం దించి నడుస్తాడు, మీ దగ్గర పనిచేస్తున్నాడా అండీ?"

ముసలాయన చేతిలో గాజు ఆగిపోయింది. మమ్మల్ని సర్కారు మనుషులనుకోడానికి ఆ యాస, ఆ తెల్ల చొక్కా, ఆ 'కచేరీ' అన్న మాట చాలాయి.

"గట్లాంటోళ్లు ఈడ ఎవ్వరు లేరు, సాబ్. గాజులు కావాల్నా?"

లోపలి గదికి పరదా పడింది. ఎదురింట్లో ఒకావిడ కుంపటితో సహా లేచి తలుపేసుకుంది. అప్పటిదాకా మమ్మల్ని పట్టించుకోని సందు, ఇప్పుడు మమ్మల్ని తప్ప ఇంకేదీ చూడడంలేదు. ఆ పరదా వెనక ఎవరున్నారు? ఎత్తి చూస్తే మేం పోలీసులమే అయిపోతాం.

"పోదాం పా" అన్నాడు ఫిట్టరు.

"నేనేమన్నానండీ? మంచిగానే అడిగాగా!"

"మంచిగనే అడిగినవ్, సాబ్. గదే తక్లీఫ్."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద? మతం పేరిట కత్తులు పట్టి, తమవాళ్లందరి మీదా అనుమానం పడేలా చేసినవాళ్ల మీదా? దానికి పగ అంటూ ఊళ్లలో అమాయకుల మీద పడ్డవాళ్ల మీదా? ఇద్దర్నీ వేదికల మీద తిట్టాను, మళ్లీ తిడతాను. కానీ నా తిట్లకి ఆ పరదా జానెడు కూడా పైకి లేవదు.

తిరిగొచ్చేసరికి రాంగోపాల్‌పేట్‌లో ఫిట్టరు వాళ్లమ్మ గడప మీదే కూచుని ఉంది. కొడుకు మొహం చూసి, అతన్నేమీ అడక్కుండా నా వైపు తిరిగింది.

"వీడు నా కోసం అబద్ధం సుత చెప్తడు. నువ్వు దేవుణ్ణే నమ్మనోడివి, నా కోసం అబద్ధం చెప్పవు. చెప్పు బిడ్డా, నా కొడుకు బతికున్నడా?"

"తెల్వదమ్మా" అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

ఆమె కొడుకు వైపు తిరిగింది. "విన్నవార? వీడు సుత లేడనలే" అంది. కొంగుతో మొహం తుడుచుకుని లేచి, గోడ అవతలి పొరుగామెను పిలిచింది. "అక్కా, మావోడు ఉన్నడంట! చూసొచ్చిన్రు!"

తెలియదంటే ఉన్నాడని కాదమ్మా, లేడనీ కాదు. ఈ ఒక్క ముక్కా అర్థం చేయించడానికే నేను ఊరూరా తిరిగేది. నోరు తెరిచాను. ఫిట్టరు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. గోడ అవతల పొరుగామె దేవుడికి షుక్రియా చెబుతోంది.