జాకెట్ లోపలి పేపర్

మార్చిలో చలేముంటుందిలే అని, మా ఆవిడ చెప్పినా వినకుండా, దక్షిణాన వెచ్చగా ఉండే ప్లేనో నుంచి పల్చటి జాకెట్‌తో డెట్రాయిట్‌లో దిగాను. బయట మంచు. ఊరి శివారు నోవైకి వెళ్ళే షటిల్ వ్యాన్ దారిలో చెడిపోయింది, హీటర్ కూడా ఆగిపోయింది. నేను వణుకుతుంటే పక్క సీట్లోని పెద్దాయన తను చదువుతున్న పేపర్ మడిచి నా చేతిలో పెట్టాడు.

"జాకెట్ లోపల, ఛాతీ మీద పెట్టుకోండి. గాలి ఆగుతుంది," అన్నాడు ఫ్రెంచి యాసలో.

"అయ్యో, మీరింకా చదువుతున్నారు కదా!"

ఆయన నవ్వాడు. ఒకప్పుడు సైకిల్ రేసుల్లో కొండలెక్కేవాడట. ఎక్కేటప్పుడు ఒళ్ళంతా చెమట, దిగేటప్పుడు ఆ తడి మీద చలిగాలి. అందుకే కొండ మీద నిలబడ్డ జనం పేపర్లు అందిస్తే, వాటిని చొక్కాలో దోపుకుని దిగేవాళ్ళట.

"మా టీమ్ లీడర్‌కి గాలి తగలకుండా ముందు తొక్కుతూ, అతన్ని కొండెక్కించడమే నా పని. నేనెప్పుడూ గెలవలేదు. అయినా నాకూ ఎవరో ఒకరు పేపర్ ఇచ్చేవాళ్ళు. ఆగి థాంక్స్ చెప్పే వీలే ఉండేది కాదు."

నాకు ఆ వీలుంది. చెప్పాను.

ఇప్పుడు నాకు మంచి కోటే ఉంది, వార్తలన్నీ ఫోన్‌లోనే చదువుతాను. అయినా చలికాలం ప్రయాణమైతే ఎయిర్‌పోర్ట్‌లో ఒక పేపర్ కొంటాను.